అధివృక్క గ్రంథికి ధమనులు నిజంగా మూడేనా? మా టేబుల్ మీద మధ్యది కనపడలా

కావలి కుర్రోడు (నెల్లూరు, ఎంబీబీఎస్ ఫస్టియర్)

అందరికీ నమస్కారం. డిసెక్షన్ హాల్లో పొట్ట భాగం నడస్తా ఉంది. జీర్ణాశయం, పాంక్రియాస్ పక్కకు తిప్పి ఎడమ సుప్రారీనల్ గ్రంథి (అధివృక్క, అడ్రినల్ అన్నా ఇదే, కిడ్నీ పైన ఉంటుంది) దాకా వచ్చాం. పుస్తకంలో ఏముందంటే, పైది ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ ఆర్టరీ (డయాఫ్రంకు పోయే ధమని) నుంచి, మధ్యది నేరుగా అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద ధమని) నుంచి, కిందది రీనల్ ఆర్టరీ (కిడ్నీ ధమని) నుంచి. బొమ్మలో మూడూ ఎర్రగా, లావుగా, ఎడమెడంగా గీసుండారు. మా బాడీలో చూస్తే పైన వెంట్రుక మందాన ఏడెనిమిది ఉండాయి, కింద రెండు ఉండాయి, మధ్యలో ఏమీ లేదు. ట్యూటర్‌ని అడిగితే "వెతుకు" అని పొయ్యారు. వచ్చే వారం వైవా. మూడని చెప్పాల్నా, చూసింది చెప్పాల్నా?

సూళ్ళూరుపేట ఫ్లెమింగో (థర్డ్ ఇయర్)

తమ్ముడూ, మూడని చెప్పు, మూడు పుట్టుక స్థానాలు చెప్పు, థ్యాంక్యూ సార్ అని లేచి వచ్చేయ్. అయోర్టా అంతా మిగిలుంటే సుప్రారీనల్ దగ్గర టైం పోగొట్టుకుంటావేంది? మా బ్యాచ్‌లో అందరం అట్టనే గట్టెక్కాం.

పెన్నా ఒడ్డు (రిటైర్డ్, అనాటమీ)

ఫ్లెమింగో నాయనా, నీలాంటి వాళ్ళకు మార్కులు వేసీ వేసీ నా చెయ్యి అరిగిపోయింది. కుర్రవాడు మంచి ప్రశ్న అడిగాడు, పాడుచేయకు.

కావలి అబ్బాయీ, ముందు సంగతి. మూడు అనేది ధమనుల లెక్క కాదు, మూలాల లెక్క. పై వరుసలో ఎప్పుడూ ఒకటి ఉండదు. ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ ఆర్టరీ డయాఫ్రం క్రస్ (వెన్నెముకకు అంటుకునే కండరపు కాలు) మీదుగా పైకి పోతూ గ్రంథి లోపలి అంచును రాసుకుంటూ వెళ్తుంది. వెళ్తూ వెళ్తూ సన్నసన్న కొమ్మలు వరసగా వదులుతుంది. నువ్వు చూసిన ఏడెనిమిదీ అవే. మూడింట్లో నమ్మకంగా దొరికేది ఈ వరుసే. కిందది రీనల్ ఆర్టరీ మొదటి భాగం నుంచో, కిడ్నీ పై కొసకు పోయే కొమ్మ నుంచో, అదనపు రీనల్ ఆర్టరీ ఉంటే దాని నుంచో వస్తుంది. రెండు ఉండటం మామూలే. మధ్యదే గడుసుది. పుస్తకం ప్రకారం సుపీరియర్ మెసెంటెరిక్ ఆర్టరీ ఎత్తులో అయోర్టా పక్కగోడ నుంచి పుట్టి, క్రస్ మీదుగా గ్రంథికి చేరాలి. కానీ ఒక్కోసారి ఉండదు, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి, ఒక్కోసారి సీలియాక్ ట్రంక్ నుంచో ఫ్రెనిక్ నుంచో రీనల్ నుంచో వస్తుంది. ఇవన్నీ పోను గొనాడల్ ఆర్టరీ నుంచి, యూరేటర్‌కు పోయే కొమ్మల నుంచి కూడా అప్పుడప్పుడూ ఒక పోగు అందుతుంది.

అయితే "లేదు" అని రాసే ముందు రెండు పనులు చెయ్యి. ఒకటి: అయోర్టా పక్కగోడను సీలియాక్ నుంచి రీనల్ దాకా తుడిచి, తెగిన మొదలు ఏమైనా ఉందేమో చూడు. ఆ కొవ్వు ఫోర్సెప్స్‌తో లాగితే ఈ పోగులు కొవ్వుతోనే వచ్చేస్తాయి. రెండు: సీలియాక్ గాంగ్లియన్ (నరాల ముడి) నుంచి గ్రంథిలోకి పోయే నరాల కట్ట బాగా దట్టంగా ఉంటుంది. నిల్వ చేసిన శరీరంలో నరం, ఖాళీ ధమని రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. అనుమానం ఉన్నదాన్ని అడ్డంగా కోసి భూతద్దంతో చూడు. ధమని అయితే మధ్యలో రంధ్రం ఉంటుంది, నరం అయితే నిండుగా తెల్లగా ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు "మిడిల్ సుప్రారీనల్" అని పిన్ను గుచ్చి చూపించిన వాటిలో చాలా వరకు నరాలే.

కావలి కుర్రోడు

మాస్టారూ, ఈ రోజు అట్టనే చేశాం. అయోర్టా ఎడం పక్క శుభ్రంగా తుడిచాం, మొదలు ఏదీ లేదు. సీలియాక్ పక్క నుంచి వచ్చేది ఒకటి లావుగా ఉంటే కోసి చూశాం, నరమే. కానీ ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ పుట్టిన చోటే, అదింకా పైకి ఎక్కకముందే, ఒక కొమ్మ విడిపోయి గ్రంథి ముందు వైపు మధ్యకి పోయింది. దీన్ని పైదనాల్నా, మధ్యదనాల్నా?

ఇంకో సందేహం. కుడి వైపు ఐవీసీ (ఒంటి కింది భాగం రక్తాన్ని గుండెకు తెచ్చే పెద్ద సిర) అడ్డం వచ్చి ఏమీ కనపడటంలా.

పెన్నా ఒడ్డు

భేష్. చేరిన చోటును బట్టి మధ్యది అనేవాళ్ళున్నారు, పుట్టిన చోటును బట్టి పైది అనేవాళ్ళున్నారు. నేనైతే పుట్టిన చోటునే చెప్పమంటాను, ఎందుకంటే అది వేలు పెట్టి చూపించగలిగేది. "మా నమూనాలో అయోర్టా నుంచి నేరుగా కొమ్మ లేదు, ఆ భాగానికి ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ నుంచే అందింది" అని చెప్పు. ఏ పరీక్షకుడూ కాదనడు. కాదంటే టేబుల్ దగ్గరికి తీసుకుపో.

కుడి వైపు సంగతి. కుడి గ్రంథి ఐవీసీకి వెనకగా సగం దాక్కొని ఉంటుంది, ముందు లివర్. కుడి ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్, కుడి మధ్య ధమని రెండూ ఐవీసీ వెనక నుంచే దాటాలి. ఐవీసీని ఎడమకు జరిపితే తప్ప కనిపించవు. జరిపేటప్పుడు నెమ్మది, కుడి సుప్రారీనల్ సిర చాలా పొట్టిది, పుటుక్కున తెగుతుంది. ఎడమ ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ అయితే అన్నవాహిక వెనకగా పోతుంది.

సూళ్ళూరుపేట ఫ్లెమింగో

సరే మాస్టారూ, ఒప్పుకున్నా. కానీ ఒక్కటి చెప్పండి. నాలుగైదు గ్రాముల గ్రంథికి ఇంతమంది సరఫరాదారులు దేనికి? కిడ్నీ అంత పెద్దది, ఒక్క రీనల్ ఆర్టరీతో సంసారం నెట్టుకొస్తోంది కదా.

పెన్నా ఒడ్డు

దానికి జవాబు పిండంలో ఉంది. మొదట్లో అయోర్టా రెండు పక్కల నుంచీ మీసోనెఫ్రాస్‌కు (పిండంలో కొంత కాలమే ఉండే కిడ్నీ) పోయే కొమ్మలు ఒకదాని కింద ఒకటి చాలా ఉంటాయి. గ్రంథి పుట్టేది వాటి మధ్యే. మీసోనెఫ్రాస్ కరిగిపోతుంది, కొమ్మల్లో చాలా వరకు మాయమవుతాయి, కొన్ని మిగులుతాయి. పైన మిగిలింది డయాఫ్రంకు పెద్దగా ఎదిగి ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ అయింది. మధ్యలోది గ్రంథికే మిగిలింది. కింద మిగిలింది కిడ్నీ చేతికి చిక్కి రీనల్ ఆర్టరీ అయింది. కాబట్టి గ్రంథి వెళ్ళి వెళ్ళి మూడు ఇళ్ళలో అడుక్కోలేదు. మొదట తనవైన కొమ్మలనే పొరుగువాళ్ళు పెద్దవి చేసుకున్నారు. ఎన్ని కరగాలో, ఎన్ని మిగలాలో ఒక్కో మనిషిలో ఒక్కో తీరు, అందుకే ఇన్ని తేడాలు.

కిడ్నీ కథ వేరు. అది కటి భాగంలో పుట్టి పైకి ఎక్కుతూ, ఎక్కిన చోటల్లా కొత్త ధమని పట్టుకొని పాతది వదిలేస్తుంది. ఆఖరికి పట్టుకున్నదే మిగులుతుంది. కిడ్నీ ఎక్కకుండా కిందే ఉండిపోయిన వాళ్ళలో కూడా అధివృక్క గ్రంథి తన చోట తానుంటుంది, కాకపోతే కింద ఒత్తే కిడ్నీ లేక బల్లపరుపుగా ఉంటుంది.

అన్నట్టు, పుట్టిన బిడ్డలో ఈ గ్రంథి కిడ్నీలో మూడో వంతు ఉంటుంది. పెద్దవాళ్ళలో ముప్ఫయ్యో వంతు. నాలుగైదు గ్రాములని చులకన చేస్తున్నావు గానీ, అప్పట్లో దాని దర్జా వేరు.

జోడిపి (పొదిలి, పశువైద్యం)

ఇంత సేపూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, మా వాటి సంగతి కూడా కాస్త వినండి. ఆదివారం పొద్దున్నే మటన్ కొట్టుకు పోయి, కిడ్నీల చుట్టూ ఉన్న కొవ్వు తీయకుండా ఇమ్మని అడగండి. మన నెల్లూరు గొర్రెలో ఏ రకమైనా, జోడిపి అయినా పల్లా అయినా దొర అయినా ఒకటే. నాలుగు కాళ్ళ జీవాల్లో గ్రంథి కిడ్నీ నెత్తిన కూర్చోదు. లోపలి వైపు, పెద్ద నాళాల దగ్గర కొవ్వులో ఉంటుంది. కొట్టువాడు దాన్ని కొవ్వుతో పాటు పారేస్తాడు. వేలితో తడిమితే చిక్కుడు గింజంత గట్టిగా తగులుతుంది. ధమనుల దారులు మీ పుస్తకంలోవి కావు గానీ, ఒక మూలం కాకుండా చాలా చోట్ల నుంచి అందుకోవడం మాత్రం వీటిలోనూ ఉంది.

బ్లేడుతో మధ్యకి కోయండి. బయట పట్టీ (వల్కలం, అంటే కార్టెక్స్) ఒక రంగు, లోపల బూడిద రంగు గుజ్జు (మెడుల్లా). తాజాది దొరికితే పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో వేయండి, లోపలి భాగం గోధుమ రంగుకు తిరుగుతుంది. అడ్రినలిన్ తరహా పదార్థాలు ఆక్సీకరణం చెందడం వల్ల వచ్చే రంగు అది. ఆ ద్రావణం విషం, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పశువుల్లో ఈ లోపలి గుజ్జు రెండు వరసలుగా ఉంటుంది. వల్కలానికి ఆనుకున్న బయటి వరసలో అడ్రినలిన్ కణాలు, మధ్యలో నారడ్రినలిన్ కణాలు. ఎందుకట్టా విడిపోయాయో ఆలోచించండి.

కావలి కుర్రోడు

సార్, ఆలోచిస్తా ఉండా. ధమనులతో సంబంధం ఉందా?

జోడిపి

ఉంది అబ్బయ్యా, అందుకే ఈ థ్రెడ్‌లో రాశా. మీ మూడు మూలాల కొమ్మలూ గ్రంథి దగ్గరికి వచ్చేసరికి చీలి చీలి యాభై అరవై పోగులవుతాయి. అవన్నీ తొడుగును గుచ్చుకొని దాని కిందే ఒక వల అల్లుతాయి. ఆ వల నుంచి రక్తం వల్కలంలో బయటి నుంచి లోపలికి, కణాల వరసల మధ్య సన్నటి సైనుసాయిడ్లలో దిగుతుంది. ముందు ఆల్డోస్టిరోన్ చేసే గ్లోమెరులోసా, తర్వాత కార్టిసాల్ చేసే ఫాసిక్యులేటా, తర్వాత రెటిక్యులారిస్. అంటే గుజ్జు దగ్గరికి చేరేసరికి ఆ రక్తం నిండా కార్టిసాల్. నారడ్రినలిన్‌ని అడ్రినలిన్‌గా మార్చే ఎంజైముకు ఆ కార్టిసాలే అదిలింపు.

కొన్ని ధమనులు మాత్రం వల్కలంలో ఆగకుండా సూటిగా గుజ్జులోకి దిగిపోతాయి. అవి తెచ్చేది కార్టిసాల్ కలవని తాజా రక్తం. గుజ్జుకు రెండు రకాల రక్తం అందుతోందన్న మాట. వల్కలం పక్కనున్న కణాలకు కార్టిసాల్ ఎక్కువ తగులుతుంది, అవే అడ్రినలిన్ కణాలు. ఈ వరసలు ఎద్దులో చాలా స్పష్టంగా ఉంటాయి.

పెన్నా ఒడ్డు

జోడిపి గారూ, ఈ ముక్క మా వైద్య విద్యార్థులకు అనాటమీలో ఒక చోట, ఫిజియాలజీలో ఒక చోట, బయోకెమిస్ట్రీలో ఇంకో చోట చెప్తారు. మూడూ కలిపి ఒకే పేరాలో రాసినందుకు దండం.

దర్శి రైతు

అయ్యా, నేను డాక్టర్ని కాను, అమ్మాయి ఫోన్‌లో ఈ చర్చ చూపిస్తే చదువుతున్నా. మా బావమరిది ఆపరేషన్ తర్వాత రక్తం పలచబడే మందుల్లో ఉండగా బీపీ పడిపోయి ఐసీయూలో ఉన్నాడు. డిశ్చార్జి కాగితంలో "రెండు వైపులా అడ్రినల్ రక్తస్రావం" అని రాశారు. ఇప్పుడు రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్రలు. మీరు చెప్పినట్టు అంత రక్తం వచ్చే గ్రంథి అయితే దానికి మేలు జరగాలి గాని, ఎదురు దెబ్బ ఎట్టా తగిలింది? మా సాగర్ కాలువ కింద పొలానికి మూడు పిల్లకాలువలు నీళ్ళు తెచ్చి, బయటికి పోయే తూము ఒక్కటే పెడితే మడి తెగినట్టు అనుకోవచ్చా?

కొత్తపట్నం కెరటం (ఒంగోలు, రేడియాలజీ)

రైతు గారూ, మీ ఊహ చాలా వరకు సరైనదే. ధమనులు యాభై అరవై పోగులుగా లోపలికి వస్తే, బయటికి పోయే పెద్ద సిర ఒక్కటే. ఒంటికి పెద్ద కష్టం వచ్చినప్పుడు, ఆపరేషనో తీవ్రమైన ఇన్ఫెక్షనో, మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఏసీటీహెచ్ హార్మోను ఈ గ్రంథికి రక్త ప్రవాహాన్ని బాగా పెంచుతుంది. అదే సమయంలో అడ్రినలిన్ ప్రభావంతో సిర గోడలోని కండరం బిగుసుకోవచ్చు, సిరలో గడ్డ కూడా కట్టవచ్చు. వచ్చేది పెరిగి పోయేది ఆగితే లోపలి సన్నటి నాళాలు చిట్లుతాయి. రక్తం పలచబడే మందు పడుతున్నప్పుడు చిట్లింది తొందరగా గడ్డకట్టదు.

మీ పోలిక ఒక్క చోట నిలవదు. పొలంలో నీళ్ళు గట్టు తెంచుకొని పారిపోతాయి. ఇక్కడ గట్టు అంటే గ్రంథి తొడుగు, అది తొందరగా తెగదు. రక్తం లోపలే నిండి గ్రంథి ఉబ్బుతుంది, వల్కలం నలిగి చచ్చిపోతుంది. అందుకే తర్వాత మాత్రలు అవసరమయ్యాయి.

తీవ్రమైన మెనింజోకాకస్ (మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా) ఇన్ఫెక్షన్లో ఇలా రెండు వైపులా రక్తం నిండటాన్ని వాటర్‌హౌస్ 1911లోనూ, ఫ్రిడరిక్సెన్ 1918లోనూ వర్ణించారు. కష్టమైన కాన్పు తర్వాత పసిపిల్లల్లోనూ చూస్తాం. ఎక్కువగా కుడి వైపే. కుడి సిర పొట్టిగా ఉండి నేరుగా ఐవీసీలో కలవడం, గ్రంథి లివర్‌కీ వెన్నెముకకీ మధ్య నలగడం కారణాలని చెప్తారు.

వేదిక నిర్వాహకుడు

దర్శి రైతు గారూ, మీ బావమరిది గారి మందుల మోతాదు గురించి ఇక్కడ ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. కానీ ఒక్కటి: ఆ మాత్రలు ఎవరి మాటా విని ఒక్కసారిగా మానకూడదు. జ్వరం, వాంతులు వచ్చినప్పుడు ఏం చేయాలో చూస్తున్న డాక్టరు దగ్గర ముందే రాయించుకొని ఇంట్లో పెట్టుకోండి.

కత్తీ దారం (కందుకూరు, జనరల్ సర్జరీ)

ఆలస్యంగా చూశా. చెప్తే మాస్టారికి కోపం వస్తుందేమో గాని, గ్రంథి తీసేటప్పుడు ఈ ధమనుల పేర్లు ఎవరూ తలచుకోరు. లాపరోస్కోపిక్‌గా తీయడం 1992లో మొదలైంది. ఇప్పుడు ఆ పోగులన్నిటినీ అంచు వెంట ఎనర్జీ పరికరంతో కాల్చుకుంటూ పోవడమే. మాకు దడ పుట్టించేది సిర. కుడి వైపు సెంటీమీటరు కూడా లేని సిర ఐవీసీ వెనక పక్కన నేరుగా కలుస్తుంది. అక్కడ చిరిగితే ఐవీసీయే చిరిగినట్టు. ఎడమ వైపు కాస్త పొడుగ్గా ఉండి, ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ సిరను కలుపుకొని, ఎడమ రీనల్ సిరలో పడుతుంది. క్లిప్పు వేయడానికి చోటుంటుంది. ఫియోక్రోమోసైటోమా (అడ్రినలిన్ వదిలే గడ్డ) అయితే ముందు ఆల్ఫా బ్లాకర్ (నాళాలు బిగుసుకోకుండా ఆపే మందు) ఇచ్చి బీపీ అదుపులోకి తెచ్చాకే టేబుల్ ఎక్కిస్తాం, గడ్డను తాకితే చాలు, సిర గుండా అడ్రినలిన్ పొంగుతుంది.

పెన్నా ఒడ్డు

కోపం రాలేదు కత్తీ. కానీ ఎడమ గ్రంథి కింది అంచు దగ్గర కూడా అట్టనే కాల్చుకుంటూ పోతావా?

కత్తీ దారం

అదిగో, మాస్టారు వలేశారు. లేదు సార్, అక్కడ ఆగుతాం. ఎడమ గ్రంథి కింది కొస రీనల్ నాళాల దాకా దిగి ఉంటుంది. కిడ్నీ పై కొసకు పోయే ధమని కొమ్మ సరిగ్గా ఆ అంచు పక్కగా పోవచ్చు. దాన్ని ఇన్‌ఫీరియర్ సుప్రారీనల్ అనుకొని క్లిప్పు వేస్తే కిడ్నీ పై ముక్క చచ్చిపోతుంది. తమ్ముళ్ళూ, మధ్య ధమని ఉందా లేదా అనేదానికన్నా ఈ కొమ్మ ఎటు పోతోందో చూడటం నేర్చుకోండి, రేపు పనికొచ్చేది అదే.

పోగులు చుట్టూ ఉండటం వల్ల మాకొక లాభం కూడా ఉంది. గ్రంథిలో గడ్డ ఉన్న భాగాన్నే తీసి కొంత వల్కలం మిగల్చాలనుకున్నప్పుడు, మిగిల్చిన ముక్కను చుట్టూ ఉన్న కొవ్వు నుంచి ఊడదీయకుండా ఉంచితే దానికి రక్తం అందుతూనే ఉంటుంది. పెద్ద సిర తీసేయాల్సి వచ్చినా, అంచుల్లోని చిన్న సిరలతో ఆ ముక్క బతకగలదు.

కొత్తపట్నం కెరటం

ధమని పేర్లు ఎవరికీ పట్టవని సర్జన్లు అంటారు గానీ, మాకు పడతాయి. మామూలు సీటీలో ఈ పోగులు కనిపించవు. ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ వరకు కనిపిస్తుంది. లివర్ క్యాన్సర్ గడ్డ డయాఫ్రంకు దగ్గర్లో ఉంటే, అది లివర్ ధమని చాలక కుడి ఇన్‌ఫీరియర్ ఫ్రెనిక్ నుంచి కూడా రక్తం లాక్కుంటుంది. ఆ ధమనిలోకి మందు పంపేటప్పుడు, గ్రంథికి పోయే కొమ్మలు ఎక్కడ విడిపోయాయో దాటి ముందుకు పోయి ఇవ్వాలి. లేకపోతే మందు అధివృక్క గ్రంథికి తగులుతుంది. మాస్టారు చెప్పిన మొదటి వరుస అక్కడ కళ్ళెదురుగా తెర మీద కనపడుతుంది.

అడ్రినల్ గడ్డ నుంచి రక్తం కారుతూ ధమని మూయాల్సి వస్తే మూడు మూలాలూ వెతకాలి. ఒకటి మూస్తే మిగతా రెండూ ఆ భాగాన్ని అందుకుంటాయి.

సూళ్ళూరుపేట ఫ్లెమింగో

మేడం, ఆల్డోస్టిరోన్ ఎక్కువైన బీపీ పేషెంట్లకు రెండు సిరల నుంచి రక్తం తీస్తారంట కదా, అది ధమని నుంచి తీయకూడదా?

కొత్తపట్నం కెరటం

ధమనిలో ఉండేది గ్రంథిలోకి పోయే రక్తం నాయనా, హార్మోను కలిసేది దాటాక. ఏ వైపు గ్రంథి ఎక్కువ చేస్తోందో తెలియాలంటే బయటికి వచ్చే చోటే పట్టాలి. ఎడమది సులువు, రీనల్ సిర గుండా పోవచ్చు. కుడిదే ఏడిపిస్తుంది. పొట్టి సిర, ఐవీసీ వెనక గోడ, పక్కనే చిన్న లివర్ సిర. సరైన చోటే తీశామా అని ఆ నమూనాలో కార్టిసాల్ కూడా కొలిచి చూసుకుంటాం.

కావలి కుర్రోడు

అందరికీ దండాలు. ఈ రోజు కుడి వైపు ఐవీసీ జరిపి చూశాం. మధ్య ధమని ఉంది, రెండు పోగులు, ఐవీసీ వెనక నుంచే వచ్చాయి. పక్క టేబుల్ వాళ్ళు కూడా వచ్చి చూసి పొయ్యారు. ట్యూటర్ ఫోటో తీసుకున్నారు. ఎడమ వైపు లేనిది కుడి వైపు ఉండొచ్చా అని కూడా అడుగుదామనుకున్నా గానీ, ఎదురుగా ఉండాక అడిగేదేముంది.

జోడిపి సార్, ఈ ఆదివారం స్టోన్‌హౌస్‌పేటలో కొవ్వుతో సహా అడిగి తెస్తా. డైక్రోమేట్ మా బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో మేడమ్‌ని అడగాల.

మాస్టారూ, ఆ నరాల కట్ట చూశాక ఇంకో సందేహం. గుజ్జులోకి పోయే నరాలు గాంగ్లియన్‌లో ఆగకుండా నేరుగా పోతాయంట కదా, అదెట్టా?

పెన్నా ఒడ్డు

అవును, ఆగవు. గుజ్జు కణాలే గాంగ్లియన్ కణాల తోబుట్టువులు, పిండంలోని న్యూరల్ క్రెస్ట్ అనే కణాల పట్టీ నుంచి వచ్చినవి. మిగతాదంతా ఇక్కడ రాస్తే ధమనుల కోసం వచ్చినవాళ్ళు తిట్టుకుంటారు. వేరే థ్రెడ్ తెరువు, రాత్రి భోజనం అయ్యాక వస్తాను.